చూరులో దాచిన ఎర్ర మాత్రలు: ఏజెన్సీలో ఒక గర్భిణి కేసు

తల్లీబిడ్డ కార్డులో ప్రతి గడీ నిండి ఉంది. ధనుర్వాతం సూది వేశారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు, నులిపురుగుల మాత్ర మింగించారు, 'సలహాలు చెప్పడమైనది' అని రెండుచోట్ల రాశారు. ఆ కార్డు పట్టుకుని నా ముందు నిలబడిన అమ్మాయి పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగు మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికే ఆయాసపడుతోంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో నేను పీహెచ్‌సీ డాక్టరుగా పనిచేస్తున్నప్పటి కేసు ఇది. ఆమె, ఆమె ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. కొండ ప్రాంతాల్లో గర్భిణులతో పనిచేసే డాక్టర్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చదువుతారని వైద్యం సంగతులు కాస్త వివరంగానే రాశాను.

నేపథ్యం

గూడెం కొండ మీద ఉంటుంది. తారు రోడ్డు ఆగిన చోటు నుంచి రెండు గంటల నడక. వానాకాలంలో మధ్యలో గెడ్డ పొంగితే ఆ రెండు గంటలు ఎన్ని గంటలవుతాయో చెప్పలేం. ఇళ్లలో మాట్లాడేది కువి భాష. మగవాళ్లకు సంత తెలుగు వచ్చు, ఆడవాళ్లలో చాలామందికి అదీ అంతంతమాత్రమే. తిండి చోడి అంబలి, సామ అన్నం, రేషన్ బియ్యం, కందులు ఉన్నన్నాళ్లు కందులు. కాఫీ, మిరియాలు, పసుపు అమ్ముకుని వారానికొకసారి సంతలో ఉప్పు, నూనె, ఎండుచేపలు తెచ్చుకుంటారు.

ఆమె వయసు ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటుంది. ఇది మూడో కాన్పు. మొదటి బిడ్డ నాలుగేళ్ల ఆడపిల్ల, బాగానే ఉంది. రెండో బిడ్డ పుట్టిన మూడో రోజు పోయాడు. రెండు కాన్పులూ ఇంట్లోనే, రెండింటికీ చెయ్యి పట్టింది అత్తే. రెండో కాన్పు గురించి కార్డులో 'ఇంటి కాన్పు, శిశు మరణం' అని మాత్రమే ఉంది. తల్లికి అప్పుడేమైందో ఎవరూ రాయలేదు. మేము కూడా అడగలేదు.

లెక్కల్లో మన రాష్ట్రం మెరుగ్గానే కనిపిస్తుంది. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోతుంటే ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది. కానీ 45 అనేది విజయవాడ, గుంటూరు అన్నీ కలిపి తీసిన సగటు. కొండ మీద గూడేనికి దాన్నిబట్టి ధైర్యం చెప్పుకోలేం. ఇక రక్తహీనత సంగతికొస్తే, 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అంత మామూలైపోయింది కాబట్టే, రక్తం తక్కువని రాసి ఉన్న కార్డు చూసినప్పుడు మా చెయ్యి ఆగదు. తర్వాతి పేజీకి వెళ్లిపోతాం.

మా దగ్గరికి వచ్చినప్పుడు

ఐదో నెలలో పేరు నమోదైంది. అప్పుడు హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 9.4 గ్రాములని ఉంది. ఏడో నెలలో 9.2. ఎర్ర మాత్రలు రోజుకు రెండు వేసుకోమని చెప్పారు. గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మామూలుగా రోజుకొకటి, రక్తం తక్కువైతే రెండు. చెప్పినట్టు వేసుకుంటే నెల తిరిగేసరికి హెచ్‌బీ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే పైఆసుపత్రికి పంపాలి. ఇక్కడ పెరగకపోగా కాస్త తగ్గింది. ఆ రెండు అంకెలు పక్కపక్క గడుల్లోనే ఉన్నాయి. చూసినవాళ్లకు అనుమానం రావాలి, రాలేదు.

ఏడు నెలలు నిండిన వారంలో ఆమె నాకు కనిపించింది. నెలకోసారి 9వ తేదీన గర్భిణులందరినీ డాక్టరు చూసే రోజు అది. ఆ నెల అదే రోజు సంత కూడా పడింది. ఆమె సంతకోసం దిగింది, మా కోసం కాదు. ఆశమ్మ దారిలో చూసి, బతిమాలి తీసుకొచ్చింది.

నాడి నిమిషానికి 112. బీపీ 104/64. కాళ్ల వాపు లేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన చప్పుడు లేదు. బరువు 42 కిలోలు. డిజిటల్ మీటరులో వేలి రక్తం చుక్క పెడితే 6.6 చూపించింది. నమ్మలేక రెండో వేలికి గుచ్చి చూశాను. మళ్లీ 6.6.

పన్నెండు రోజుల కిందటి 9.2 ఇప్పుడు 6.6 ఎలా అయింది? మధ్యలో రక్తస్రావం లేదు, జ్వరం లేదు. మలేరియా కిట్ పరీక్ష నెగెటివ్. అనుమానం మా 9.2 మీదికే వెళ్లింది. సబ్ సెంటర్లో మీటరు స్ట్రిప్పులు అయిపోయి, పాత సాలీ గొట్టంతో చూస్తున్నారు. ఆ పద్ధతిలో సన్నటి గాజు గొట్టంలో యాసిడ్ పోసి, అందులో రక్తం కలిపి, పది నిమిషాలు ఆగాలి. తర్వాత పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు కలిసేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ పోవాలి. కలిసిందని మన కన్ను అనుకున్న గీత దగ్గర అంకె చదువుతాం. ఇరవై మంది వరసలో ఉండి, మబ్బు పట్టిన మధ్యాహ్నం, చీకటి పడకముందే కొండ దిగాలన్న టెన్షన్ ఉంటే ఆ పది నిమిషాలు రెండు నిమిషాలవుతాయి. కన్ను కూడా పోయిన నెల అంకె దగ్గరే ఆగుతుంది. ఏఎన్ఎం తప్పు చేసిందని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ స్ట్రిప్పులు కావాలని పంపే ఇండెంటు మీద సంతకం చేయాల్సింది నేను. మూడు వారాలు నా బల్ల మీదే ఉంది.

మాతృ మరణాల గురించి చదివినవాళ్లందరికీ మూడు ఆలస్యాల సంగతి తెలుసు. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఒకటి, చేరుకోవడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. ఏజెన్సీలో మా ధ్యాసంతా రెండోదాని మీదే: రోడ్డు, డోలీ, ఫీడర్ అంబులెన్స్. ఈ కేసులో ఆలస్యం ఆ మూడింటికంటే ముందే, మేము జబ్బును చూడలేకపోవడం దగ్గరే మొదలైంది.

మొదట చేసినవి

మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. ఏడు నెలలు నిండాక హెచ్‌బీ 7 కంటే తక్కువ ఉంటే ఆసుపత్రిలో చేర్చాలి. 108కి ఫోన్ చేశాను. ఏరియా ఆసుపత్రికి రిఫరల్ చీటీ రాశాను. 'రక్తం బాగా తక్కువుంది, ఈరోజే వెళ్లాలి, లేకపోతే ప్రమాదం' అని తెలుగులో చెప్పాను. ఆమె తల ఊపింది. అత్త తల ఊపింది. నేను తర్వాతి పేషెంటును పిలిచాను.

బండి నలభై నిమిషాలకు వచ్చింది. వరండాలో బెంచీ మీద ఎవరూ లేరు. రిఫరల్ చీటీ బెంచీ మీదే, ఎగిరిపోకుండా గులకరాయి బరువు పెట్టి ఉంది. సంతలో వెతికితే అత్తాకోడళ్లు అప్పటికే కొండ దారి పట్టారని పసుపు అమ్ముకునే ఒకాయన చెప్పాడు.

ఆ రాయి గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చీటీ పారేసి పోలేదు. నేనిచ్చిన కాగితానికి విలువిచ్చి, పోకుండా భద్రం చేసి వెళ్లారు. మమ్మల్ని లెక్కచేయకపోవడం కాదది. చెప్పలేకపోవడం. ఆ రోజు మాత్రం నాకు కోపమే వచ్చింది.

ఆ కోపంలోనే రెండో తప్పు చేశాను. మర్నాడు ఏఎన్ఎంను, సూపర్‌వైజర్‌ను పైకి పంపి, కాన్పు ఇంట్లో చేసుకుంటే పథకం డబ్బులేవీ రావని చెప్పమన్నాను. చెప్పమన్నది నేనే. నా ఆలోచన అప్పుడు ఇలా ఉంది: మెత్తగా చెబితే వినలేదు, డబ్బు మాటైతే వింటారు, ప్రాణం దక్కితే తర్వాత సర్దిచెప్పుకోవచ్చు. మూడో రోజు ఆశమ్మ ఫోన్ చేసింది. కోడల్ని గెడ్డ అవతల కన్నవారింటికి పంపేశారు. ఇంటి తలుపు తియ్యడం లేదు. ఆశమ్మతో కూడా మాట్లాడటం మానేశారు. పదకొండేళ్లుగా ఆ గూడెంలో ఆశమ్మ సంపాదించుకున్న నమ్మకాన్ని నేను ఒక్క మాటతో ఖర్చు పెట్టేశాను.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. పైఅధికారులకు రాసి, రెవెన్యూ వాళ్లనో ఇంకెవరినో తోడు తీసుకుని ఆమెను దింపుకు రావడం ఒకటి. అలా చేసినవాళ్లున్నారు, ప్రాణాలు నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. రెండోది, నేనే పైకి వెళ్లి కూర్చోవడం. కాలాన్ని లెక్కేసి రెండోది ఎంచుకున్నాను. ఆమెకు ముప్పై వారాలు. గుండె మీద భారం పడిన లక్షణాలు ఇంకా లేవు. ముప్పై నాలుగు వారాలు దాటి 7 లోపుంటే రక్తం ఎక్కించడం తప్పదు. ఈలోపైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించి లాక్కురావచ్చు. అంటే నా చేతిలో నాలుగు వారాలున్నాయి. ఒక వారం నమ్మకం కోసం ఖర్చు పెట్టవచ్చు. అదే హెచ్‌బీ 4.8 అయ్యుంటే, పడుకుంటే ఊపిరాడని స్థితి అయ్యుంటే, మొదటి దారే పట్టేదాన్ని.

చూరు కింద గంటన్నర

ఆదివారం వెళ్లాం, నేను, ఆశమ్మ. యూనిఫాం వాళ్లెవరూ లేరు, రిజిస్టర్ లేదు. అత్త గుమ్మం దగ్గర చోళ్లు చెరుగుతోంది. కూర్చోమనలేదు, వెళ్లిపొమ్మనలేదు. కూర్చున్నాం.

ముందుగా డబ్బుల మాట నాదేనని, అది తప్పని చెప్పాను. ఆశమ్మ దాన్ని కువిలో చెప్పింది. అత్త చేట ఆపలేదు. చాలాసేపటికి ఆశమ్మే, నేను అడగమనకుండానే, రెండో కాన్పు గురించి అడిగింది. పిల్లాడు పోయిన కాన్పులో కోడలికేమైంది పిన్నీ అని.

అత్త లేచి లోపలికి వెళ్లి ఆనప బుర్ర పట్టుకొచ్చింది. నీళ్లు ముంచుకునే ఎండిన సొరకాయ బుర్ర. దాని మెడ దాకా వేలితో గీసి చూపించింది. మాయ పడ్డాక పోయిన రక్తం అంత. ఒకసారి కాదు, రెండుసార్లు అంత. తర్వాత పది రోజులు కోడలు లేవలేదట. ఆ బుర్రలో లీటరుకు తక్కువ పట్టదు. మా కార్డులో ఎక్కడా లేని ఆ సంగతితో కేసు మొత్తం మారిపోయింది. ఒకసారి కాన్పు తర్వాత అంత రక్తం పోయిన తల్లికి మళ్లీ పోయే అవకాశం ఎక్కువ. ఆ లోటు పూడకుండానే ఈ కడుపు వచ్చింది. చెప్పులు లేకుండా పోడులో పనిచేసే కాళ్లు, వాటి నుంచి ఎక్కి రక్తం పీల్చే కొంకిపురుగు, ఐరన్ సరిగా ఒంటబట్టని తిండి, వీటన్నింటి మీద ఇది.

మరి ఇంత తెలిసిన మనిషి ఆసుపత్రికి ఎందుకు వద్దంటోంది? అడిగాను. ఆమె చెప్పింది విన్నాక వాదించడానికి నా దగ్గరేమీ మిగల్లేదు. రెండేళ్ల కిందట అదే గూడెం నుంచి ఒకామెను డోలీలో దింపారు. బండెక్కించారు. ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. నాలుగో రోజు శవం వచ్చింది.

'మీ దగ్గరికి వచ్చినోళ్లు బతికొచ్చింది మేం చూడలేదు డాక్టరమ్మా' అంది.

ఆమె తర్కంలో తప్పు లేదు. అంతా అయిపోయాక దింపుతారు కాబట్టి చనిపోతారు, చనిపోతారు కాబట్టి ముందుగా దింపరు. ఈ చక్రాన్ని మాటలతో ఆపలేం. అందుకే ప్రమాదం గురించి మళ్లీ చెప్పలేదు. మాత్రలు చూపించమన్నాను.

అత్త చూరులో చెయ్యిపెట్టి ప్లాస్టిక్ కవరు తీసింది. ఎర్ర మాత్రల అట్టలు తొమ్మిది. ఒకదాంట్లో నాలుగు మాత్రలు మాత్రమే తగ్గాయి. అదే కవరులో తెల్లటి కాల్షియం మాత్రలు. అన్నీ కలిపి ఒకే కవరులో ఇచ్చి, రోజూ వేసుకో అని చెప్పింది మేమే. కోడలు మొదటి నాలుగు రోజులు రెండు రకాలూ కలిపి, పొద్దున్నే ఖాళీ కడుపున, టీతో వేసుకుంది. కాల్షియంతో కలిపినా టీతో తాగినా ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుంది. వాంతులయ్యాయి. విరేచనం నల్లగా వచ్చింది. లోపలి బిడ్డ రక్తం మాడి వస్తోందని భయపడి ఆపేశారు. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లబడటం మామూలేనని చదువుకున్న మాకు తెలుసు. వాళ్లకు ఒక్కరం కూడా చెప్పలేదు. 'సలహాలు చెప్పడమైనది' అని రాసుకున్నాం.

పారేయకుండా తొమ్మిది అట్టలూ ఎందుకు దాచారని అడిగితే, సర్కారు సొమ్ము, అడిగితే లెక్క చూపాలి కదా అంది. మాత్రలు వేసుకుంటున్నావా అని మేము అడిగిన ప్రతిసారీ వాళ్లకు వినిపించింది, మాత్రలు భద్రంగా ఉన్నాయా అనే.

ఇంకా కొన్ని బయటపడ్డాయి. ఆసుపత్రికి వెళ్తే కడుపు కోస్తారు. మొగుడు పనికి వలస పోయాడు, నాలుగేళ్ల పిల్లను ఎవరు చూస్తారు? పుట్టిన బిడ్డ మాయను ఇంటి దగ్గర పాతిపెట్టాలి, ఆసుపత్రిలో దాన్ని ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్న నన్ను ఎవరూ అంతకుముందు అడగలేదు. మాయను ఇంటికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు, అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఇవ్వలేమని చెప్పాను. ఆశమ్మ కాసేపు ఆలోచించి, బొడ్డు ఊడేది ఇంటికొచ్చాకే కదా పిన్నీ, దాన్ని పాతుకుందాం అంది. అత్త మొదటిసారి చేట పక్కన పెట్టింది.

నేనిచ్చిన మాట ఒక్కటే. కాన్పు సంగతి ఇప్పుడు మాట్లాడను. సంతకు వచ్చిన రోజు ఒక సెలైన్ ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. నచ్చకపోతే రెండోసారి రావద్దు. ఇలా అడగడానికి కారణముంది. ఆసుపత్రికి వెళ్లి, బతికి, అదే రోజు ఇంటికొచ్చిన మనిషిని ఆ ఇల్లు ఒకసారి చూడాలి. వైద్యం ప్రకారం చేర్చడమే సరైనది, నాకు తెలుసు. కానీ చేర్పిస్తానని పట్టుబడితే ఆ నాలుగు వారాలూ పోతాయి.

వైద్యం

తర్వాతి సంత రోజు ముగ్గురూ దిగారు, అత్త, కోడలు, చిన్నపిల్ల. ఆశమ్మ తోడుగా మా బండిలోనే ఏరియా ఆసుపత్రికి పంపాను. అక్కడి ల్యాబులో హెచ్‌బీ 6.4. ఎర్ర రక్తకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. ఐరన్ లోపానికి సరిపోయే చిత్రమే. అయినా ఐరన్ ఎక్కించేముందు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష చేయించాం. ఏజెన్సీలో ఈ పరీక్ష లేకుండా ముందుకు వెళ్లకూడదు. రక్తహీనతకు కారణం సికిల్ సెల్ అయితే ఐరన్ పోసినంత మాత్రాన సరిపోదు, కాన్పు దాకా చూసుకోవాల్సిన పద్ధతే వేరు. నెగెటివ్ వచ్చింది.

ఎంత ఐరన్ కావాలో లెక్క కట్టడం సులువే. బరువును హెచ్‌బీ లోటుతో, ఆ వచ్చినదాన్ని 2.4తో గుణించి, నిల్వల కోసం 500 కలపాలి. 42 కిలోలు, 6.4 నుంచి 11కి చేరడానికి లోటు 4.6. గుణిస్తే దాదాపు 464, దానికి 500 కలిపితే 964 మిల్లీగ్రాములు. వెయ్యి అనుకున్నాం.

ఐరన్ సుక్రోజ్ అయితే ఒకసారికి 200 చొప్పున రోజు మార్చి రోజు, ఐదుసార్లు రావాలి. ఆమె ఐదుసార్లు కొండ దిగదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఖరీదైనా పావుగంటలో 500 నుంచి 1000 దాకా ఎక్కించవచ్చు. 42 కిలోల మనిషికి వెయ్యి ఒక్కసారే పోయడం ఎక్కువవుతుందని, వారం తేడాతో 500 చొప్పున రెండుసార్లు ఇవ్వాలని ఆసుపత్రి గైనకాలజిస్టు, నేను అనుకున్నాం. ఎక్కిస్తున్నంతసేపూ, తర్వాత అరగంటా, మందు వికటిస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే పెట్టుకుని చూశారు. ఏమీ కాలేదు. చీకటి పడకముందే కొండ కిందికి చేర్చాం. ఎర్ర మాత్రలు ఆపి, ఫోలిక్ యాసిడ్ కొనసాగించాం.

రెండో వారం ఎవరూ పిలవకుండానే వచ్చారు. మొదటి డోసుకే పనిచేసి కాదు, అంత త్వరగా హెచ్‌బీ పెరగదు. అత్త కారణం ఆశమ్మతో చెప్పింది: పోయినోళ్లు తిరిగొచ్చారు కదా.

మూడు వారాలకు 8.7. ముప్పై ఆరో వారానికి 9.8. ఆయాసం తగ్గింది. కోడలు నాతో మాట్లాడటం మొదలుపెట్టింది కూడా అప్పుడే. తెలుగులో నాలుగు మాటలు, మిగతావి ఆశమ్మ ద్వారా. అంతవరకూ ఈ కేసులో అందరి మాటా విన్నాను, ఆమె మాట తప్ప. కాన్పు ఎక్కడ కావాలని ఆమెనే అడిగాను. 'పోయినసారి కళ్లు మూతలు పడ్డాయి. అలా వద్దు' అంది.

హాస్టలు, కాన్పు

కొండ గూడేల గర్భిణులు నెలలు నిండగానే కిందికి వచ్చి ఉండటానికి గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) కొన్నిచోట్ల వసతి గృహాలు పెట్టాయి. అందరూ గర్భిణుల హాస్టల్ అనే అంటారు. నొప్పులొచ్చాక డోలీ కట్టడం కంటే వారం పది రోజుల ముందే ఆసుపత్రి పక్కన ఉండటం మంచిదన్నది దాని వెనకున్న ఆలోచన. చాలా మంచి ఆలోచన. ఈ కేసులో మాత్రం నాలుగేళ్ల పిల్ల దగ్గర ఆగిపోయింది. గర్భిణికి, తోడు ఉండే ఒకరికి భోజనం లెక్క ఉంటుంది. ఇంకో బిడ్డకు లేదు. తోడుగా అత్త రావాలి, అత్త వస్తే పిల్లను చూసేవాళ్లు ఇంట్లో లేరు. నెల్లాళ్లు నేను కౌన్సెలింగ్ అనుకుంటూ చెప్పిన మాటలన్నీ ఒక చిన్నపిల్ల అన్నం పళ్లెం దగ్గర తేలిపోయాయి. హాస్టలు చూసుకునే ఆమెతో మాట్లాడి, పిల్లను కూడా ఉండనిచ్చేలా ఒప్పించాం. కాగితం మీద ఏమీ లేదు, ఆమె మంచితనం.

ముప్పై ఎనిమిదో వారంలో రాత్రి నొప్పులు మొదలయ్యాయి. పది నిమిషాల్లో లేబర్ రూములో ఉంది. కాన్పు సమయానికి నేను అక్కడ లేను, కేస్ షీటు చదివి, స్టాఫ్ నర్సు చెప్పింది విని రాస్తున్నాను. ముందే ఒక యూనిట్ రక్తం సరిచూసి సిద్ధంగా ఉంచారు. మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల, 2.6 కిలోలు. బిడ్డ బయటపడగానే, గర్భసంచి బిగుసుకునేలా, 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకు ఇచ్చారు. మాయ పడ్డాక, అందరూ భయపడినట్టే, గర్భసంచి మెత్తబడి రక్తం ఆగలేదు. పైనుంచి గట్టిగా మర్దన చేస్తూ, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టి, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ ఒక గ్రాము నరానికి ఇచ్చారు. ఈ మందు కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తేనే ఉపయోగం. ఇరవై నిమిషాల్లో అదుపులోకి వచ్చింది. పోయింది సుమారు 650 మిల్లీలీటర్లు. మర్నాడు హెచ్‌బీ 8.6. దాచిన రక్తం ఎక్కించాల్సిన అవసరం పడలేదు.

అదే 650 మిల్లీలీటర్లు, 6.4 హెచ్‌బీతో, కొండ మీద, అర్ధరాత్రి పోయి ఉంటే అని నేను ఊహించుకోను. ఊహించుకోకుండా ఉండలేకపోయిన రాత్రులున్నాయి.

కళ్లు మూతలు పడ్డాయా అని తర్వాత అడిగితే, లేదు, మొత్తం చూశాను అంది. బొడ్డు ఇంటికెళ్లిన రెండో రోజు ఊడింది, ఇంటి వెనక పాతారు.

తర్వాత మార్చుకున్నవి

అన్నిటికంటే ముందు స్ట్రిప్పులు. సబ్ సెంటర్లో ఒక డబ్బా మిగిలినప్పుడే ఇండెంటు రావాలి, అదే రోజు నేను సంతకం పెట్టాలి. రంగు చూసి అంకె రాయడం పూర్తిగా మానేశాం. కార్డులో పోయిన నెల హెచ్‌బీ, ఈ నెల హెచ్‌బీ మధ్య తేడాను ఎర్ర పెన్నుతో రాస్తున్నాం. ఒకటి కంటే తక్కువుంటే ఆ పేరు నా ఫోనుకు రావాలి.

మాత్రలు రెండు కవర్లలో ఇస్తున్నాం. ఎర్రవాటి కవరు మీద చంద్రుడి బొమ్మ, రాత్రి అన్నం తిన్నాక. తెల్లవాటి మీద సూర్యుడి బొమ్మ, పగలు. విరేచనం నల్లగా వస్తుందని మాత్ర ఇచ్చేముందే చెబుతున్నాం. వేసుకుంటున్నావా అని అడగడం ఆపేసి, ఖాళీ అట్టలు తెమ్మంటున్నాం. సంతకు దిగేటప్పుడు అట్టలు కొంగున కట్టుకొస్తున్నారు.

ఎక్కువ గొడవ జరిగింది సంత గురించే. మా టీకాల రోజులు బుధవారం, శనివారం. సంత శుక్రవారం. గర్భిణులు కొండ దిగేది శుక్రవారం, మేము కొండెక్కేది బుధవారం. ఇన్నేళ్లూ ఒకరికొకరం దారిలో కూడా ఎదురుపడలేదు. సంతలో బల్ల వేద్దామంటే సిబ్బందికి అదనపు రోజు, పైనుంచి ఆదేశం లేదు, రిపోర్టులో రాయడానికి గడి లేదు. ఏఎన్ఎంలకు ఆ రోజుకు బదులు ఇంకో రోజు సర్దుబాటు చేశాక కానీ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా మీటరు, బీపీ మిషను, మాత్రలు అక్కడే. పొట్ట పరీక్షకు పక్కనే ఉన్న సబ్ సెంటర్ గది. పాత కాన్పుల గురించి ఆశమ్మ కువిలో అడుగుతుంది: మాయ పడ్డాక ఎంత పోయింది, దేంతో కొలుస్తావు? చేటంత, చెంబంత, బుర్రంత అని చెబుతారు, అదే కార్డులో రాస్తున్నాం.

కుదరనివీ ఉన్నాయి. హాస్టల్లో పెద్దబిడ్డ భోజనం సంగతి కాగితం మీదికి ఇంకా రాలేదు. రెండుసార్లు రాశాను. ఆ తర్వాత పంపిన ఇద్దరిలో ఒకామెను పిల్లాడితో ఉండనిచ్చారు. రెండో ఆమె వెళ్లినప్పుడు బల్ల దగ్గర వేరే మనిషి ఉంది. మూడో రోజుకే తిరిగొచ్చేసింది.

ఈ కేసులోని అమ్మాయి కాన్పుల మధ్య ఎడం కోసం కాపర్‌టీ వద్దంది, మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక 'అంతర' ఇంజెక్షన్‌కు ఒప్పుకుంది. ఆరు వారాలకు మొదటిది వేశాం. మూడు నెలలకు రెండోది వేయాలి. వానలకు గెడ్డ పొంగి, మేము పైకి పోలేక, ఆమె దిగలేక ఐదు వారాలు దాటిపోయింది. నాలుగు వారాలు దాటితే ముందు గర్భం లేదని తేల్చుకోవాలి. పరీక్ష నెగెటివ్ వచ్చాక సంతలోనే వేశాం. అప్పుడు హెచ్‌బీ 10.7. పాలిచ్చే తల్లికి ఆరు నెలల పాటు వేసుకోవాల్సిన ఎర్ర మాత్రల్లో ఇంకా రెండు అట్టలు మిగిలున్నాయి. వచ్చే శుక్రవారం తెమ్మన్నాను.